పది మంది కన్యకల నూనెకు అర్థం ఏంటి? అసలు ఉపమానాలను ఎలా చదవాలి?

దీపం_టీచర్
తిరుపతిలో మా సంఘంలో ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఆదివారం బైబిల్ క్లాసు చెప్తాను. మత్తయి 25లో పది మంది కన్యకల ఉపమానం దగ్గర బండి ఆగిపోయింది. పెండ్లికుమారుణ్ణి ఎదుర్కోవడానికి దీపాలతో వెళ్లిన పదిమందిలో ఐదుగురు బుద్ధిగలవాళ్లు సిద్దెల్లో (చిన్న పాత్రల్లో) అదనంగా నూనె తెచ్చుకున్నారు, మిగతా ఐదుగురు తెచ్చుకోక, అడిగినా దొరక్క, కొనడానికి పోయి విందుకు బయటే ఉండిపోయారు. మా అయ్యగారు ప్రసంగంలో నూనె అంటే పరిశుద్ధాత్మ అన్నారు. అంతకుముందు ఉజ్జీవ కూటాలకు వచ్చిన ప్రసంగీకుడు నూనె అంటే సత్క్రియలు అన్నారు. యూట్యూబ్‌లో ఒకాయన నూనె అంటే ప్రార్థన, సిద్దె అంటే హృదయం, వత్తి అంటే మనస్సాక్షి అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. పిల్లలు మూడూ విన్నారు. ఒకమ్మాయి లేచి, "టీచర్, నూనె పరిశుద్ధాత్మ అయితే, అమ్మేవాళ్ల దగ్గరికి పోయి కొనుక్కోండి అని బుద్ధిగల కన్యకలు అన్నారు కదా, పరిశుద్ధాత్మను కొంటారా?" అని అడిగింది.

ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటూ పోతే ఇక అర్థానికి హద్దు ఎక్కడ? ఇది సరైనది, ఇది కాదు అని తేల్చుకోవడానికి ఏదైనా పద్ధతి ఉందా? చదువుకున్నవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా రాయండి. పిల్లలకు చెప్పాలి.

ఆవగింజ
ముందు ఆ అమ్మాయికి ఒక బహుమతి ఇవ్వండి టీచర్. అపొస్తలుల కార్యములు 8లో సీమోను అనే గారడీవాడు డబ్బు తెచ్చి ఆత్మను కొనబోతే పేతురు ఎంత కోప్పడ్డాడో ఆ అమ్మాయి చదివే ఉంటుంది.

బైరాగిపట్టెడ_బాబు
అమ్మాయి ప్రశ్న బాగుంది గానీ, దాన్ని పట్టుకుని ప్రసంగాలన్నీ తప్పు అనకండి. ఉపమానంలో ప్రతిదానికీ అర్థం ఉంటుందని మనకు నేర్పింది పాస్టర్లు కాదు, యేసయ్యే. మత్తయి 13 చూడండి. విత్తువాని ఉపమానం చెప్పి, తర్వాత ఆయనే విప్పి చెప్పాడు. విత్తనం వాక్యం, పక్షులు దుష్టుడు, ముళ్లపొదలు ఐహిక విచారాలు, ధనమోసం. గోధుమ చేలో శత్రువు వచ్చి గురుగులు అనే కలుపు చల్లిపోయిన ఉపమానంలోనూ అంతే. పొలం లోకం, శత్రువు అపవాది, కోత యుగసమాప్తి, కోసేవాళ్లు దేవదూతలు. ప్రభువే అలా చదివి చూపిస్తే మనం నూనెకు అర్థం వెతకడం తప్పెలా అవుతుంది?

గ్రేస్_అక్క_చిత్తూరు
వెతకడం తప్పు కాదు బాబూ. ముగ్గురు వెతికితే మూడు దొరికాయి, ఏది పట్టుకోవాలన్నదే టీచర్ ప్రశ్న.

వేదాంత_విద్యార్థి
టీచర్ గారు అడిగిన గొడవ చాలా పాతది. 4, 5 శతాబ్దాల నాటి ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను మంచి సమరయుని కథను ఎలా చదివాడో చూడండి. యెరూషలేము నుంచి యెరికోకు పోతూ దొంగల చేతిలో దెబ్బలు తిన్న మనిషిని దేవాలయ సేవకులు ఇద్దరు చూసి పక్కగా పోతే, ఒక సమరయుడు గాయాలు కట్టి పూటకూళ్ల ఇంటికి చేర్చిన కథ అది. దెబ్బలు తిన్న మనిషి ఆదాము. యెరూషలేము పరలోక పట్టణం. యెరికో చంద్రుడు, అంటే మన మర్త్యత్వం. దొంగలు సాతాను, వాడి దూతలు. సమరయుడు క్రీస్తు. పూటకూళ్ల ఇల్లు సంఘం. పూటకూళ్లవాడు అపొస్తలుడైన పౌలు! లూకా 10లో ప్రభువు ఈ కథ చెప్పేటప్పటికి పౌలు ఇంకా మారుమనస్సు కూడా పొందలేదు. కానీ కొన్ని వందల ఏళ్లు సంఘం ఇలాగే చదివింది.

తర్వాత జర్మనీలో అడాల్ఫ్ యూలిషర్ అనే పండితుడు 19వ శతాబ్దం చివర్లో దీన్ని గట్టిగా ఎదిరించాడు. ఉపమానానికి ఒక్కటే ముఖ్యాంశం ఉంటుంది, మిగతా వివరాలన్నీ కథ నడవడానికే అన్నాడు. 1935లో సి.హెచ్. డాడ్ ఇంకో అడుగు వేశాడు. ఆ ఒక్క అంశం కూడా గాల్లో వేలాడే నీతి కాదు, యేసు పరిచర్య జరుగుతున్న ఆ సందర్భంలో, దేవుని రాజ్యం దగ్గరికి వచ్చేసిందన్న వార్తలో పెట్టి చదవాలి అన్నాడు. ఈ రోజు సెమినరీల్లో ఈ రెండింటి ప్రభావం చాలా ఉంది. పల్లెల్లో, కూటాల్లో అగస్టీను పద్ధతే నడుస్తోంది. అందుకే మీ క్లాసులో ఈ తికమక.

బైరాగిపట్టెడ_బాబు
జర్మనీ ప్రొఫెసర్ ఒక్కటే అంశం అన్నాడని మత్తయి 13లో ప్రభువు చెప్పిన వివరణ చింపేద్దామా?

వేదాంత_విద్యార్థి
చింపమని నేను అనలేదు బ్రదర్. యూలిషర్ ఆ వివరణలు తర్వాతి సంఘం చేర్చినవి అన్నాడు. అక్కడే ఆయనతో నాకూ పేచీ ఉంది. ఒక్కటే అంశం అనే సూత్రం కథల మీద బలవంతంగా రుద్దినట్టు ఉంటుంది. తప్పిపోయిన కుమారుడి కథ చూడండి, ఆస్తి తగలేసి తిరిగొచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేస్తే పెద్దకొడుకు అలిగి బయటే నిలబడతాడు. అందులో ఒక్కటే అంశం ఏది? చిన్నకొడుకు తిరిగి రావడమా, తండ్రి పరిగెత్తడమా, పెద్దకొడుకు అలగడమా?

అయితే మీరు చెప్పిన గురుగుల వివరణనే ఇంకోసారి చదవండి. అక్కడ ప్రభువు ఏడు సంగతులకు అర్థం చెప్పాడు. విత్తినవాడు, పొలం, మంచి విత్తనం, గురుగులు, శత్రువు, కోత, కోత కోసేవాళ్లు. కానీ "వెళ్లి పీకేయమంటారా?" అని అడిగిన దాసులు ఎవరో చెప్పలేదు. మనుషులు నిద్రపోతుంటే శత్రువు వచ్చాడు కదా, ఆ నిద్ర ఏంటో కూడా చెప్పలేదు. వివరించిన ఆయనే కొన్నింటిని ముట్టుకోకుండా వదిలేశాడు.

బైరాగిపట్టెడ_బాబు
ఇది నేను గమనించలేదు. చూస్తాను.

బెల్లం_మండీ
మా జేజికి ఐదుగురు బుద్ధిగల కన్యకల మీద ఇప్పటికీ కోపమే. "చెంచాడు నూనె ఇయ్యలేని వాళ్లు యేం బుద్ధిమంతులు నాయనా" అంటుంది. చిత్తూరులో పక్కింటి నుంచి గిన్నె పట్టుకొస్తే ఖాళీగా పంపే ఇల్లు ఉంటుందా?

గ్రేస్_అక్క_చిత్తూరు
@బెల్లం_మండీ జేజికి నా వందనాలు చెప్పు.

టీచర్ గారూ, నేను పెద్ద చదువులు చదవలేదు. చాలా కాలం నుంచి స్త్రీల కూటంలో వాక్యం చెప్తున్నాను. నేను పాటించే పద్ధతి ఒక్కటే. కథలోకి దూకే ముందు, కథకు పైన ఏముందో, కింద ఏముందో చదువుతాను. ఎవరు విన్నారు, ఎందుకు చెప్పాడు అన్నది చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది.

లూకా 15 మొదటి రెండు వచనాలు చూడండి. సుంకరులు (పన్ను వసూలు చేసేవాళ్లు), పాపులు ఆయన మాట వినడానికి దగ్గరికి వస్తున్నారు. ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యులు, శాస్త్రులు "ఈయన పాపుల్ని చేర్చుకుని వాళ్లతో భోంచేస్తున్నాడు" అని సణుగుతున్నారు. ఆ సణుగుడికి జవాబుగా మూడు కథలు వచ్చాయి. గొర్రె, నాణెం, కొడుకు. అప్పుడు పెద్దకొడుకు ఎవరో వేరే చెప్పాలా? విందు జరుగుతుంటే గుమ్మం బయట నిలబడి సణుగుతున్నవాడు.

లూకా 18లో అయితే లూకా ముందే చెప్పేశాడు. విసుగక ప్రార్థన చేయాలని విధవరాలి కథ. తామే నీతిమంతులమని నమ్ముకుని ఇతరుల్ని తృణీకరించేవాళ్లతో పరిసయ్యుడు, సుంకరి కథ. మత్తయి 18లో శిష్యుడు పేతురు "ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా?" అని అడిగాడు, అందుకని బాకీ ఉన్న దాసుడి కథ. మత్తయి 20 ద్రాక్షతోట కూలీల కథకు ముందు, 19 చివర్లో అదే పేతురు "మేము అంతా వదిలేసి వచ్చాం, మాకేం దొరుకుతుంది?" అన్నాడు.

మనకు ఆదివారం చదివే భాగం కత్తిరించినట్టు కథతో మొదలై కథతో ఆగిపోతుంది. అక్కడే సగం అర్థం పోతుంది.

కోనేటి_గట్టు
నేను చర్చికి వెళ్లేవాడిని కాదండి, కానీ మిషన్ స్కూల్లో చదివాను కాబట్టి ఈ కథలు తెలుసు. తప్పిపోయిన కుమారుడి నాటకంలో నాది పెద్దకొడుకు వేషం. రిహార్సల్లో నేను మాస్టారిని, "సార్, నేను చివరికి లోపలికి పోవాలా, బయటే ఉండాలా?" అని అడిగాను. ఆయన బైబిల్ తెరిచి చూసి "రాయలేదురా" అన్నారు. స్టేజి మీద నేను గుమ్మం దగ్గర నిలబడి ఉండగానే తెర దించారు. చూడ్డానికి వచ్చిన మా అమ్మ ఇంటికి వచ్చాక కూడా "ఇంతకీ పోయినాడా లేదా?" అని అడుగుతూనే ఉంది.

మనం పంచతంత్రం కథలు విని పెరిగినవాళ్లం. అక్కడ కథ అయ్యాక నీతి శ్లోకం వచ్చి ముడి వేస్తుంది. ఈ కథల్లో చాలావాటికి ఆ ముడి లేదు. బయటివాడిగా నాకు తోచింది చెప్తున్నాను, తప్పుగా అనుకోకండి. నూనె ఏంటి, వత్తి ఏంటి అని జాబితా రాసుకుంటే ఆ ముడి మనమే వేసేస్తున్నట్టు కదా?

ఆవగింజ
"ఇంతకీ పోయినాడా లేదా" అని మీ అమ్మగారు అడగడమే ఆ కథకు రావలసిన స్పందన అండి. గ్రేస్ అక్క చెప్పినట్టు, ఎదురుగా నిలబడ్డ పరిసయ్యులే మిగతాది పూర్తి చేయాలి. లోపలికి వస్తారా, బయటే ఉంటారా?

వేదాంత_విద్యార్థి
@కోనేటి_గట్టు లూకా 13లో అంజూరపు చెట్టు కూడా అంతే. కాయలు కాయడం లేదు, నరికేయమంటాడు యజమాని. తోటమాలి "ఈ ఒక్క ఏడాది ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను" అంటాడు. మరుసటి ఏడు కాసిందా లేదా చెప్పలేదు.

పాత నిబంధనలో కూడా మంచి ఉదాహరణ ఉంది. 2 సమూయేలు 12లో నాతాను ప్రవక్త, పరాయివాడి భార్య బత్షెబను తీసుకున్న దావీదు రాజు దగ్గరికి వెళ్లి, బీదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెప్తాడు. దావీదు మండిపడి "అది చేసినవాడు చావాలి" అని తీర్పు చెప్పాక, "ఆ మనిషివి నీవే" అంటాడు. ముందే "ధనవంతుడంటే నువ్వు, గొర్రెపిల్ల అంటే బత్షెబ" అని జాబితా చదివి ఉంటే దావీదు నోట ఆ తీర్పు వచ్చేదా?

కూలోళ్ల_బిడ్డ
ద్రాక్షతోట కూలీల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. ఉదయం నుంచి పనిచేసినవాళ్లకూ, సాయంత్రం ఒక్క గంట చేసినవాళ్లకూ యజమాని తలా ఒక దేనారం, అంటే ఒక రోజు కూలి ఇచ్చిన కథ. దీని మీద నేను విన్న ప్రసంగాలన్నీ ఒకటే. ఉదయం వచ్చినవాళ్లు చిన్నప్పుడే రక్షణ పొందినవాళ్లు, సాయంత్రం వచ్చినవాళ్లు ముసలితనంలో రక్షణ పొందినవాళ్లు, దేనారం అంటే పరలోకం. మంచిదే. కానీ చెప్పేవాళ్లలో ఎవరూ అడ్డా మీద నిలబడినవాళ్లు కాదు.

మా నాయన తిరుపతిలో అడ్డా కూలీ. తెల్లవారకముందే సద్ది టిఫిన్ డబ్బా, తాపీ ఒక సంచిలో వేసుకుని పోయి నిలబడేవాడు. మేస్త్రి బండి ఆగితే అందరూ చుట్టుకుంటారు. మేస్త్రి ముందు భుజాలు చూస్తాడు, చేతులు చూస్తాడు. గట్టిగా ఉన్న కుర్రోళ్లు ముందు వెళ్లిపోతారు. ఎండ ఎక్కేసరికి మిగిలేది ఎవరనుకున్నారు? వయసు మళ్లినవాళ్లు, జ్వరం నుంచి లేచినవాళ్లు, కాలు ఈడ్చేవాళ్లు. పది దాటితే ఇక ఎవరూ రారని తెలుసు, అయినా వెంటనే ఇంటికి రాడు. వట్టి చేతుల్తో వస్తే అమ్మ మొహం చూడాలి కదా. డబ్బా విప్పకుండానే తెచ్చేవాడు, రాత్రికి అదే మేము తినేవాళ్లం.

మత్తయి 20లో యజమాని సాయంత్రం ఐదింటికి వచ్చి "ఇక్కడ దినమంతా ఊరికే ఎందుకు నిలబడ్డారు?" అంటే, వాళ్లు "ఎవరూ మమ్మల్ని కూలికి పెట్టుకోలేదు" అన్నారు. ఆ ఒక్క మాట చదివినప్పుడల్లా నాకు మా నాయన గొంతు వినిపిస్తుంది. వాళ్లు సోమరులు కాదు, సాయంత్రం దాకా ఆశ వదలకుండా నిలబడినవాళ్లు. ఒక గంటకు లెక్కకట్టి కూలి ఇస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. దేనారం అంటే ఒక రోజు ఇల్లు గడిచే కూలి. ఆ యజమాని పని గంటలు చూడలేదు, ఇంట్లో తినేవాళ్లను చూశాడు. నాకు ఈ కథకు అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు.

దీపం_టీచర్
ఇది పిల్లలకు చదివి వినిపిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.

కూలోళ్ల_బిడ్డ
చదవండి టీచర్.

బెల్లం_మండీ
చదివి గుండె బరువెక్కింది అన్నా. అయినా వ్యాపారిగా ఒక మాట అడగాలి. నేను ఈ రోజు గంట పని చేసినవాడికి రోజంతా చేసినవాడితో సమానంగా ఇస్తే, రేపు ఉదయం నా మండీకి ఎవరొస్తారు? అందరూ సాయంత్రమే వస్తారు. ఉదయం వచ్చినవాళ్లు ఎండలో కష్టపడ్డారు, వాళ్ల సణుగుడులో న్యాయం లేదా? నేనైతే వాళ్ల పక్షమే.

పుత్తూరు_వకీలు
ఒప్పుకున్న కూలి వాళ్లకు పూర్తిగా ఇచ్చాడు కదా సోదరా. ఒప్పందం ఎక్కడ తప్పాడు? మోషే ధర్మశాస్త్రంలో కూలివాడి కూలి ఆ రోజే, పొద్దు కుంకకముందే ఇవ్వాలని ఉంది. ద్వితీయోపదేశకాండం 24 చూడండి, వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు అని కారణం కూడా చెప్పింది. ఆ యజమాని సాయంత్రం కాగానే పిలిచి ఇచ్చాడు, చట్టం ప్రకారమే. ఎక్కువ ఇచ్చింది తన సొమ్ములోంచి. ఉదయం వాళ్లకు తగ్గించి సాయంత్రం వాళ్లకు ఇచ్చి ఉంటే నేనే కేసు వేసేవాణ్ణి.

గ్రేస్_అక్క_చిత్తూరు
@బెల్లం_మండీ నీకు సణగాలని అనిపించిందంటే కథ పనిచేసినట్టే. అది మండీ ఎలా నడపాలో నేర్పే కథ కాదు, దేవుని రాజ్యం ఎలాంటిదో చెప్పే కథ. "మాకేం దొరుకుతుంది" అని పేతురు లెక్క తీసినందుకు వచ్చిన కథ. యజమాని చివర్లో అడిగింది చూడు, "నేను మంచివాణ్ణయినందుకు నీకు కడుపుమంటా?" అని. ఆ మాటకు కూలీలు ఏమన్నారో అక్కడా రాయలేదు.

బెల్లం_మండీ
అక్కా, ఒప్పుకోవడానికి కొంచెం టైమ్ పడుతుంది నాకు.

మోడరేటర్
చర్చ బాగా నడుస్తోంది. పాస్టర్ల పేర్లు, సంఘాల పేర్లు రాయకండి. రెండు పోస్టుల్లో తీసేశాం.

పలమనేరు_రైతు
గురుగుల గురించి. ఆ దేశంలో గోధుమ చేలో పెరిగే ఆ గడ్డి అచ్చం గోధుమలాగే ఉంటుందట, వెన్ను తీసేదాకా తేడా తెలియదట, దాని గింజలు పిండిలో కలిస్తే మత్తు, వాంతులు వస్తాయట. మా మడుల్లో ఊద అలాంటిదే. వరి నాటిన కొత్తలో పక్కపక్కన ఉంటే కొత్తగా కలుపుకు వచ్చినవాళ్లు వరి పీకి ఊదను వదిలేస్తారు. తెలిసినవాళ్లు ఆకు మొదలు దగ్గర వేలితో విప్పి చూస్తారు. వరికి అక్కడ తెల్లటి చిన్న పొర ఉంటుంది, ఊదకు ఉండదు. మా అమ్మ మాత్రం వంగకుండానే చూసి చెప్పేస్తుంది. కొంచెం ముదిరినాక పీకితే పక్కనున్న వరి దుబ్బు కూడా వేళ్లతో లేచి వస్తుంది.

"రెండూ కోత దాకా పెరగనివ్వండి" అని యజమాని అనడం నాకు ఈ లెక్కన అర్థమైంది. మా ఊళ్లో ఒక సంఘం రెండుగా చీలింది. ఎవరు నిజమైన విశ్వాసి, ఎవరు కాదు అని ఏరడం మొదలుపెట్టారు. ఏరినవాళ్ల చేతికి వచ్చింది ఊదో వరో ఇప్పటికీ తేలలేదు. ఆరాధనకు రావడం మానేసినవాళ్లలో మంచివాళ్లే ఎక్కువ. దాసులు ఎవరో ప్రభువు చెప్పలేదని విద్యార్థి బ్రదర్ రాశారు కదా. పీకేద్దామని తొందరపడేవాడు ఎవడైనా ఆ దాసుడే అని నేను అనుకుంటున్నా.

బైరాగిపట్టెడ_బాబు
అన్నా, మరి సంఘంలో క్రమశిక్షణ వద్దంటారా? మత్తయి 18లో తప్పు చేసినవాడిని ఎలా సరిదిద్దాలో ఆయనే చెప్పాడు.

పలమనేరు_రైతు
వద్దనలేదు తమ్ముడూ. 13లో పొలం అంటే లోకం అని నువ్వే పైన రాశావు. సంఘంలో తప్పు సరిదిద్దడం 18లో ఉంది, అది ఒక్కడి దగ్గరికి ఒంటరిగా పోయి మాట్లాడటంతో మొదలవుతుంది. మా ఊళ్లో మైకులో మొదలుపెట్టారు.

బ్యాంకు_క్యాషియర్
లెక్కలు నా పని కాబట్టి మత్తయి 18 బాకీ లెక్క కట్టాను. రాజు ఒక దాసుడి పెద్ద బాకీ రద్దు చేస్తే, అతను బయటికి పోయి తనకు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి గొంతు పట్టుకున్న కథ అది. తలాంతు అంటే సుమారు 6000 దేనారాలు. మొదటి దాసుడి బాకీ 10,000 తలాంతులు, అంటే 6 కోట్ల దేనారాలు. దేనారం ఒక రోజు కూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికినా, పైసా తినకుండా కట్టినా 2 లక్షల ఏళ్లు పడుతుంది. ఆ మనిషి రాజు కాళ్ల మీద పడి "కొంచెం ఓపిక పట్టండి, అంతా కట్టేస్తాను" అన్నాడు! ఆ మాట ఎంత అసాధ్యమో అప్పటి శ్రోతలకు వెంటనే తెలిసి ఉంటుంది. మనకు తలాంతు అనే మాట వినగానే పాటలు పాడే తలాంతు గుర్తొస్తుంది గానీ డబ్బు గుర్తురాదు.

తోటి దాసుడు ఇతనికి బాకీ ఉన్నది 100 దేనారాలు. చాలామంది ప్రసంగీకులు "చిల్లర బాకీ" అంటారు. చిల్లర కాదు. రోజు కూలి 600 రూపాయలు అనుకుంటే 60 వేలు. మన వీధుల్లో 60 వేలకు మాటలు పోయిన అన్నదమ్ములు ఉన్నారు. పక్కవాడు మనకు చేసిన తప్పు చిన్నదని ఆయన అనలేదు. మనకు రద్దయినదాని పక్కన పెట్టి చూడమన్నాడు, అది 6 లక్షల రెట్లు ఎక్కువ.

నర్సమ్మ_రిటైర్డ్
100 దేనారాల గురించి రాసినందుకు థాంక్స్ బాబూ. "అంత చిన్నదానికి క్షమించలేవా" అని నాతో అన్నవాళ్లు చాలామంది. నాకు జరిగింది చిన్నది కాదు. చిన్నది కాదని ఆ కథ ఒప్పుకుంటోందని ఈ రోజే తెలిసింది.

పుత్తూరు_వకీలు
మంచి సమరయుడి గురించి నేను ఒకటి చెప్పాలి. యెరూషలేము నుంచి యెరికోకు దాదాపు 27 కిలోమీటర్లు, వెయ్యి మీటర్లకు పైగా దిగుడు, రాళ్ల గుట్టల దారి. మా పుత్తూరు దగ్గర హైవే మీద ఒక రాత్రి బైక్ పడిపోయి ఒక కుర్రాడు రక్తంలో ఉన్నాడు. కార్లు వేగం తగ్గించి, చూసి, పోతున్నాయి. నేను ఆగేసరికి అప్పటికే ఒక లారీ డ్రైవర్ తన లుంగీ చింపి కాలికి కట్టు కడుతున్నాడు. హిందీ తప్ప ఏమీ రాదు, మన ప్రాంతం వాడు కాదు. "పోలీసులు నన్నే పట్టుకుంటారా సార్?" అన్నది ఒక్కటే అతని టెన్షన్.

పట్టుకోరు. సాయం చేసినవాళ్లకు రక్షణ కల్పించే మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016లో ఆమోదం ఇచ్చింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 134ఏ సెక్షన్ పెట్టారు. సదుద్దేశంతో సాయం చేసినవారిపై సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. చట్టంలో వాళ్లకు పెట్టిన పేరు "గుడ్ సమరిటన్". లూకా 10 నుంచి భారత పార్లమెంటు చట్టం దాకా వచ్చింది ఆ పేరు.

ఇక అర్థం విషయం. లూకాలో ప్రశ్న అడిగినవాడు ధర్మశాస్త్రోపదేశకుడు, అంటే మా వృత్తికి దగ్గరివాడు. "నా పొరుగువాడు ఎవడు?" అని అడిగాడు. మాకు అలవాటే, నిర్వచనం అడిగితే బాధ్యత ఎంతవరకో తేలిపోతుంది. యేసు నిర్వచనం ఇవ్వలేదు. కథ చెప్పి "ఈ ముగ్గురిలో దొంగల చేతిలో పడినవాడికి పొరుగువాడు అయింది ఎవరు?" అని ఎదురు ప్రశ్న వేశాడు. అతని నోట "సమరయుడు" అన్న మాట కూడా రాలేదు, "జాలి చూపినవాడు" అన్నాడు. యూదులకు, సమరయులకు మధ్య అంత వైరం.

బైరాగిపట్టెడ_బాబు
వకీలు గారూ, బాగా రాశారు. అయినా నేను ఒకటి వదులుకోను. పడి ఉన్నవాడిని నేనే, నా దగ్గరికి వచ్చి గాయాలు కట్టింది క్రీస్తే అని చదువుకుంటే నాకు కన్నీళ్లు వస్తాయి. తాగుడు మానక ముందు నేను నిజంగా రోడ్డు మీద పడినవాణ్ణే. అగస్టీను చదివినట్టు చదివితే తప్పేంటి?

వేదాంత_విద్యార్థి
తప్పని నేను చెప్పను బ్రదర్. అది మీ సాక్ష్యం. కానీ కథ చివర ప్రభువు చెప్పింది "నీవు వెళ్లి ఆలాగే చేయి" అని. సమరయుడు క్రీస్తు మాత్రమే అనుకుంటే ఆ ఆజ్ఞ మన మీద నుంచి జారిపోతుంది. మీరు ఆ ఆజ్ఞ వదలకుండా ఇది కూడా పట్టుకుంటే నాకేం పేచీ లేదు.

బైరాగిపట్టెడ_బాబు
వదలను. ఆదివారం మధ్యాహ్నం మేము కొందరం ఆసుపత్రి వార్డులకు పోతాం.

దీపం_టీచర్
ఇంకోటి కూడా తేల్చండి. లూకా 16లో యజమాని ఆస్తి చూసుకునే గృహనిర్వాహకుడు. ఉద్యోగం పోతోందని తెలిసి యజమాని బాకీదారుల్ని పిలిచి, నూనె పత్రం మీద 100ని 50 చేయించాడు, గోధుమల పత్రం మీద 100ని 80 చేయించాడు. యజమాని అతన్ని మెచ్చుకున్నాడు. పిల్లలు అడగక ముందే నాకు భయంగా ఉంది. యజమాని దేవుడైతే, దేవుడు దొంగ లెక్కల్ని మెచ్చుకున్నట్టా?

గ్రేస్_అక్క_చిత్తూరు
యజమాని కనిపించిన ప్రతిచోటా దేవుణ్ణి పెట్టడం వల్లే ఆ భయం టీచర్ గారూ. లూకా 18 విధవరాలి కథలో న్యాయాధిపతి దేవునికి భయపడడు, మనుషుల్ని లక్ష్యపెట్టడు. వాడు దేవుడా? ఇలాంటి చెడ్డ న్యాయాధిపతే విసిగిపోయి న్యాయం చేస్తే, మీ దేవుడు ఇంకెంత చేస్తాడు అన్నది అక్కడి వాదన. మత్తయి 24లో ప్రభువు తన రాకను రాత్రి వచ్చే దొంగతో పోల్చాడు, ఆయన దొంగ అని కాదు కదా. లూకా 16 కూడా ఆ కోవలోనే చదవండి. ఈ లోకం మనిషి ఉద్యోగం పోయే ముందు అంత చురుగ్గా ఆలోచించాడే, వెలుగు సంబంధులు రాబోయేదాని గురించి అంత మాత్రం ఆలోచించరెందుకు అని. మెచ్చుకున్నది యుక్తిని. వాడిని అన్యాయస్థుడు అని అదే వచనంలో అన్నాడు.

పుత్తూరు_వకీలు
అతను తగ్గించింది తన కమీషనే అని, లేదా ధర్మశాస్త్రం వద్దన్న వడ్డీని తీసేశాడని కొందరు పండితులు వాదిస్తారు. ఆకర్షణీయంగా ఉంటుంది గానీ, ఆ మాట వాక్యంలో ఎక్కడా లేదు. సాక్ష్యం లేని వాదన కోర్టులో నిలవదు. నా ఓటు గ్రేస్ అక్కకే.

బెల్లం_మండీ
నాది కాదు. ఆ కమీషన్ వాదన నాకు చాలా నచ్చింది. మండీలో రోజూ చూసేది అదే, రైతు పత్రం మీద రాసిందంతా అసలు కాదు.

ఆవగింజ
నూనె ఏమైంది? అందరూ దాన్ని వదిలేశారు.

వేదాంత_విద్యార్థి
గ్రేస్ అక్క పద్ధతినే వాడి చూద్దాం. పైన మత్తయి 24లో ఆ దినము, ఆ గడియ ఎవరికీ తెలియదు, సిద్ధంగా ఉండండి అని ఉంది. కింద 25:13లో మెలకువగా ఉండండి అని ఉంది. మధ్యలో కథ. ఇక్కడ ఒక సంగతి చూడండి. 5వ వచనంలో పెండ్లికుమారుడు ఆలస్యం చేస్తే పదిమందీ నిద్రపోయారు. బుద్ధిగలవాళ్లు కూడా. అంటే నిద్రపోవడం అక్కడ తప్పు కాదు. ఆలస్యం కావచ్చని ఆలోచించి ముందే తెచ్చుకున్నారా లేదా అన్నదే తేడా. నూనె ఆత్మా, క్రియలా, విశ్వాసమా అని కథ చెప్పలేదు. ఆ వేళకు పక్కవాళ్ల దగ్గర తీసుకోలేనిది అని మాత్రం చెప్పింది. అందుకే బెల్లం మండీ వాళ్ల జేజి కోపానికి కూడా అక్కడ జవాబుంది. ఆ కన్యకలు పిసినారులని కాదు, ఇస్తే పది దీపాలూ దారిలోనే ఆరిపోతాయి.

కొనే సంగతి అడిగిన అమ్మాయి సరైన చోటే వేలు పెట్టింది. ఒక వివరానికి మనం ఇచ్చిన అర్థం కథ నడకకే అడ్డం పడితే, ఆ అర్థం మనం బయటి నుంచి తెచ్చిందే.

దీపం_టీచర్
ఈ ఆదివారం పిల్లలకు అర్థం చెప్పకుండా ముందు మత్తయి 24 చదివిస్తాను. పదిమందీ నిద్రపోయారన్నది వాళ్లే కనిపెడతారేమో చూస్తాను. కూలోళ్ల బిడ్డ గారి పోస్టు ఆ పై వారానికి.

నర్సమ్మ_రిటైర్డ్
లూకా 16లోనే ధనవంతుడు, లాజరు కథ కూడా ఉంది టీచర్. దాంట్లో బీదవాడికి పేరుంది, ధనవంతుడికి పేరు లేదు. యేసు చెప్పిన ఉపమానాల్లో పేరు పెట్టిన మనిషి అతనొక్కడే అనుకుంటా, అబ్రాహామును పక్కన పెడితే. అది కూడా పిల్లలతో చదివించండి.

పలమనేరు_రైతు
మార్కు 4లో 26 నుంచి 29 దాకా ఒక చిన్న కథ ఉంది. మనిషి విత్తనం చల్లి పడుకుని లేస్తుంటాడు, అది ఎలా మొలిచిందో వాడికే తెలియదు, భూమి దానంతట అదే ముందు మొలకను, తర్వాత వెన్నును, ఆ తర్వాత గింజను ఇస్తుంది. మిగతా మూడు సువార్తల్లో అది లేదు. దాని మీద ప్రసంగం నేను ఎప్పుడూ వినలేదు. ఎవరైనా రాయండి. రాత్రి కరెంటు ఇస్తే మోటారు దగ్గరికి పోతాను, పొద్దున చదువుతా.

గ్రేస్_అక్క_చిత్తూరు
దానికి వేరే చర్చ మొదలుపెట్టన్నా. నేను మార్కు 4 మొదటి నుంచి చదువుకుని వస్తాను.